కౌన్సెలర్ చదువు: రెండు సీట్ల మధ్య మన పిల్లలు

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా రాజవొమ్మంగిలో జరిగిన యువతీ యువకుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు నెలలో రాజవొమ్మంగిలో మైకు పట్టుకున్నవాళ్లెవరైనా 1922 దగ్గరే మొదలుపెడతారు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న మన స్టేషను. ఆ కథ మీరు చిన్నప్పటి నుంచీ వింటున్నదే. మాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. మాకిచ్చిన అరగంటలో మేం దాని జోలికి పోవడం లేదు. మాకు ఒప్పజెప్పిన విషయం చూడటానికి చిన్నది: కౌన్సెలర్ కావాలనుకునే మన పిల్లలకు ఒకేలాంటి రెండు కాలేజీల్లో సీటు వస్తే ఎందులో చేరాలి?

ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం. కౌన్సెలింగ్ అనగానే మన పిల్లలకు మొదట గుర్తొచ్చేది సీట్ల కేటాయింపు. ర్యాంకు కార్డు, వెబ్ ఆప్షన్లు, మీసేవ దగ్గర క్యూ. రెండోది పోలీసు కౌన్సెలింగ్. గంజాయి మూటతో దొరికిన కుర్రాణ్ణి, తాగి గొడవ చేసినవాణ్ణి స్టేషనుకు పిలిచి, తల్లిదండ్రుల్ని పక్కన కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెడితే మర్నాడు పేపర్లో ‘కౌన్సెలింగ్ ఇచ్చారు’ అని వస్తుంది. ఈ రెండింటిలోనూ పిల్లలు నోరు మూసుకుని వినాలి. మనం ఇప్పుడు మాట్లాడుకునే మూడో రకంలో నోరు మూసుకుని వినాల్సింది కౌన్సెలరు. వినడం నేర్చుకోవడానికి రెండేళ్ల చదువెందుకని మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఆ సంగతికి వస్తాం.

మన దగ్గర ఎనిమిదేళ్ల పిల్లను ఆశ్రమ పాఠశాలలో చేర్చి వస్తాం. దసరాకో, సంక్రాంతికో ఇంటికి వస్తుంది. మధ్యలో జ్వరం వస్తే మాత్ర ఉంది, ఆసుపత్రి ఉంది. రాత్రిళ్లు ఏడుస్తోంది, అన్నం తినడం లేదు, గోడ దూకి ఇంటికి పారిపోతోంది అంటే ఎవరున్నారు? టీచరు కోప్పడతారు, లేకపోతే బతిమాలతారు. వార్డెన్ ఇంటికి ఫోన్ చేస్తారు. ఇంటికొస్తే అమ్మ పూజారి దగ్గరకు తీసుకెళ్లి తాయెత్తు కట్టిస్తుంది. పూజారిని మేం తక్కువ చేయడం లేదు. ఆ పిల్ల పక్కన కాసేపు నిదానంగా కూర్చున్న పెద్దమనిషి ఆయనొక్కడే కావచ్చు. కానీ పదో తరగతి చదివే ఆడపిల్లకు హాస్టల్లో ఎవరికీ చెప్పుకోలేనిది జరిగితే, ఆ మాట ఆయన దాకా కూడా పోదు.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జూలైలో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసు అది. తండ్రి కోర్టుకెక్కాడు. కోర్టు ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దాంతోపాటు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. అందులో ఒకటి మన పిల్లలందరూ కంఠతా పట్టాలి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. ఆ మనిషి పిల్లల, కౌమార వయసువాళ్ల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్టు చూపించగలగాలి. అంతకన్నా తక్కువ మంది ఉన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ఈ మాట కార్పొరేట్ కాలేజీలకే కాదు, మన ఆశ్రమ పాఠశాలలకూ, గురుకులాలకూ వర్తిస్తుంది. మన ఏజెన్సీలో 100 దాటని హాస్టలు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కేయండి.

తీర్పు వచ్చింది కాబట్టి రేపే పోస్టులు పడతాయని మేం ఆశ పెట్టం. పడిన రోజున ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది మా బెంగ. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పిన 2000 జనవరి 10 నాటి జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ జీవో ఉన్నన్నాళ్లూ, మన కొండ మీది ఉద్యోగం ఎక్కడికీ పోదులే అనుకున్న కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. కౌన్సెలరు పోస్టుకు అలాంటి కంచె కూడా ఎప్పుడూ లేదు. అర్హత కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పోస్టు. మన పిల్ల మౌనంగా తల వంచుకుంటే అది సిగ్గా, భయమా, ఆకలా అని తెలిసిన మనిషి రావాలంటే ఆ కాగితం మన పిల్లల చేతిలో ఉండాలి.

ఇంకొకటి. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో రక్తపరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్క డాక్టరు గారు రెండు నిమిషాల్లో చెబుతారు. కానీ మేనరికం ఖాయమైపోయి, పసుపు కుంకుమలు మార్చుకున్న రెండు ఇళ్ల మధ్య కూర్చుని, ఎవరి పరువూ పోకుండా ఆ లెక్క వివరించి, తేల్చుకునే పని వాళ్లకే వదిలి రావడం రెండు నిమిషాల పని కాదు. అది కూడా కౌన్సెలరు పనే.

ఇక సీట్ల సంగతి.

కిందటి నెలలో ఒక చెల్లి మన సంఘం గదికి వచ్చింది. పేరు చెప్పం, ఈ సభలోనే ఉంది. మన మండలం పిల్ల. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాల, ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ. కౌన్సెలర్ అవుతానంది. అందుకు ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే రెండేళ్ల సోషల్ వర్క్ పీజీ చదవాలనుకుంది. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో సీటు చేతికి వచ్చింది. ఫీజు కట్టడానికి గడువు దగ్గర పడింది. ఏపీ పీజీసెట్‌లో మంచి ర్యాంకు కూడా ఉంది. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీ సీటుకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కోర్సు పేరు ఒకటే, రెండేళ్లే, డిగ్రీ ఒకటే. ఏది?

ఇంట్లో నలుగురు నాలుగు మాటలన్నారు. అయ్య: ‘పేరులోనే గిరిజన అని ఉంది, మనదే కదా, అక్కడే చేరు.’ మేనమామ: ‘ఆంధ్రా యూనివర్సిటీ పేరు చెబితే ఎక్కడైనా తెలుస్తుంది.’ అమ్మ హాస్టల్లో అన్నం ఎలా ఉంటుందని అడిగింది. నాయనమ్మ అసలు పెళ్లెప్పుడని అడిగింది. ఎవరి మాటా తీసిపారేసేది కాదు, నాయనమ్మ మాటతో సహా. ఎందుకంటే రెండేళ్ల మధ్యలో చదువు ఆగిపోయిన ఆడపిల్లల్లో ఎక్కువమందికి ఆగింది ఆ ప్రశ్న దగ్గరే. కానీ ఈ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా ఆ చెల్లి రేపు చేయబోయే పని గురించి కాదు.

రెండు విశ్వవిద్యాలయాల గురించి తెలిసింది కొంచెం చెప్పుకుందాం. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో పుట్టింది. 2026తో నూరేళ్లు. గిరిజన విశ్వవిద్యాలయం 2019లో మొదలైంది. రాష్ట్ర విభజన చట్టంలో ఇచ్చిన మాట ప్రకారం వచ్చింది. మొదట్లో దాన్ని చెయ్యి పట్టుకుని నడిపించిన సంస్థ ఆంధ్రా యూనివర్సిటీయే. తరగతులు మొదలైంది కూడా విజయనగరం దగ్గర కొండకరకంలో, ఒకప్పటి ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంగణంలో. అంటే ఈ రెండూ పోటీ సంస్థలు కావు, తల్లీ బిడ్డల్లాంటివి. శాశ్వత ప్రాంగణానికి 2023 ఆగస్టు 25న మెంటాడ, దత్తిరాజేరు మండలాల దగ్గర శంకుస్థాపన జరిగింది. అక్కడ చేరేవాళ్లు తమ తరగతులు, హాస్టలు ఏ ప్రాంగణంలోనో ముందే ఫోన్ చేసి అడగాలి. గిరిజన విశ్వవిద్యాలయంలో సీట్లన్నీ మనవే అనుకోవద్దు. అన్ని కులాలవాళ్లూ, ఏ రాష్ట్రంవాళ్లైనా చేరవచ్చు. చేరాక అంతా మనవాళ్లే ఉంటారని ధీమాగా వెళ్లి బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం కన్నా, ముందే తెలిసి వెళ్లడం మంచిది.

ఇప్పుడు అసలు విషయం. ఎమ్మెస్‌డబ్ల్యూలో తరగతి గది సగమే. మిగతా సగం ఫీల్డ్ వర్క్. చాలాచోట్ల వారానికి రెండు రోజులు విద్యార్థిని ఒక ఆసుపత్రికో, బాలల సంరక్షణ కేంద్రానికో, బస్తీకో, పల్లెకో పంపుతారు. రోజూ ఏం చూశావో, ఎవరితో ఏం మాట్లాడావో రాయాలి. ఆ రాతను ఒక మాస్టారు చదివి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలి: ‘ఆ తల్లి ఏడుస్తున్నప్పుడు నువ్వు వెంటనే మాట మార్చేశావు. ఎందుకు?’ ఈ ఒక్క ప్రశ్న కోసమే ఆ రెండేళ్లు. వినడం నేర్చుకోవడం అంటే ఇదే. మన పక్కన మనకన్నా తెలిసినవాళ్లు కూర్చుని, మనం ఎక్కడ వినడం మానేశామో చూపించాలి. ఆ మనిషి లేకపోతే పుస్తకం ఎంత లావున్నా లాభం లేదు.

అందుకని ఆ చెల్లితో ఇలా అన్నాం. భవనం ఫోటోలు చూడొద్దు. రెండు చోట్లా ఇప్పుడు రెండో ఏడాది చదువుతున్న ఇద్దరిద్దరి నంబర్లు సంపాదించు. మనవాళ్లయితే మంచిది, కాకపోయినా పరవాలేదు. వాళ్లను నాలుగే అడుగు. పోయినేడాది నిన్ను ఫీల్డ్ వర్క్‌కి ఎక్కడికి పంపారు? వారంలో ఎన్ని రోజులు నిజంగా వెళ్లావు? నువ్వు రాసింది ఎవరు చదివారు, చదివి ఏమన్నారు? స్పెషలైజేషన్‌లో వైద్య, మానసిక వైద్య సోషల్ వర్క్ ఉందా, ఈ ఏడాది చెప్పేవాళ్లున్నారా? సిలబస్ కాగితం మీద అన్నీ ఉంటాయి. చదువుతున్న పిల్లలు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతారు. సంతకాలు పెట్టించుకోవడంతో ఫీల్డ్ వర్క్ అయిపోయిందని వాళ్లు నవ్వుతూ చెప్పారంటే, అది ఏ యూనివర్సిటీ అయినా సరే, జాగ్రత్త పడు.

మీరేమనుకుంటున్నారని ఆ చెల్లి మమ్మల్ని నిలదీసింది. ‘అంతా నీ ఇష్టం’ అని తప్పించుకోవడం మాకు చేతకాలేదు. మా అభిప్రాయం ఇది. ఆ పిల్ల మన కొండల్లో పుట్టింది. హాస్టల్లో పెరిగింది. జీడిపిక్కలు ఏరే కాలంలో బడికి ఎవరు రారో, ఎందుకు రారో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె చూడనిది పెద్దాసుపత్రి. మతి చలించిన మనిషికి, మనసు బాగోలేని మనిషికి తేడా ఏమిటో, ఏ కేసును తాను చూడాలో, ఏ కేసును అదే రోజు డాక్టరు దగ్గరకు పంపాలో ఆమె దగ్గరగా చూసి నేర్చుకోవాలి. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. రెండూ ఆంధ్రా యూనివర్సిటీకి ఊళ్లో దూరమే. కాబట్టి ఆమె లాంటి పిల్లకు మేం విశాఖ వైపే మొగ్గుతాం. అక్కడికి ఫీల్డ్ వర్క్‌కి పంపుతారని సీనియర్లు చెబితేనే సుమా.

అదే రోజు ఇంకో తమ్ముడు అడిగాడు. మనవాడే. కానీ వాళ్ల నాన్నగారి ఉద్యోగం వల్ల కాకినాడలో పుట్టి, అక్కడే కాన్వెంటులో చదివాడు. పండగకు వస్తే పెద్దమ్మ మాట సగం అర్థం కాదు. అతనికి మేం విజయనగరమే అన్నాం. పక్కనే పార్వతీపురం ఏజెన్సీ. జాతాపు, సవర పల్లెలు. ఆ పల్లెల్లో రెండేళ్లు తిరిగే వీలు దొరికితే, ఏ పెద్దాసుపత్రీ అతనికి ఇవ్వలేనిది దొరుకుతుంది. ఒకటే కోర్సు, రెండు కాలేజీలు, ఇద్దరికీ రెండు జవాబులు. ‘మరి ఏ కాలేజీ మంచిది?’ అని వాళ్ల మావయ్య విసుక్కున్నాడు. మీ మేనల్లుడికి ఏం తెలియదో చూసుకుని చెప్పండి అన్నాం. దానికి ఆయన దగ్గర పెద్ద చిట్టాయే ఉంది లెండి.

చదువులో ఇంకొకటి నేర్పుతున్నారో లేదో కూడా అడగాలి. ఇది మన పల్లెలకు ప్రాణం లాంటిది: రహస్యం. మన ఊళ్లో రహస్యం ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొద్దున బోరింగు దగ్గర చెప్పిన మాట మధ్యాహ్నానికి సంతలో ఉంటుంది. కౌన్సెలరుగా వచ్చిన మనిషి మన పిల్లే అయితే, ఎదురుగా కూర్చున్నది ఆమెకు వదినో, మేనత్త కూతురో అవుతుంది. హాస్టలు పిల్ల చెప్పుకున్నది ఆ వారం పెళ్లి భోజనాల దగ్గర పొరపాటున నోరు జారితే, ఆ పిల్లే కాదు, ఆ హాస్టల్లో ఇంకెవరూ నోరు విప్పరు. మానసిక రోగుల విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చెబుతోంది.

కానీ ఈ రహస్యానికి ఒక గట్టు ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే దాచినవాళ్లకే శిక్ష. ఇప్పుడు ఆలోచించండి. పద్నాలుగేళ్ల పిల్ల మీ చెయ్యి పట్టుకుని, ‘అక్కా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి’ అంటుంది. మీరు ఒట్టేస్తే చట్టం తప్పినట్టు. వెయ్యనంటే ఆ పిల్ల లేచి వెళ్లిపోతుంది. వెళ్లిపోకుండా, అబద్ధపు ఒట్టు వేయకుండా, ఏమని చెప్పాలి? మరోపక్క కులపెద్దలు వచ్చి, ‘రచ్చబండ దగ్గర తేల్చుకున్నాం, తప్పు కట్టించాం, నువ్వు కాగితం పంపొద్దు’ అంటారు. వాళ్లలో ఒకరు మీకు పెదనాన్న అవుతారు. ఈ గండం గట్టెక్కడం ఏ మూడు నెలల సర్టిఫికెట్ కోర్సూ నేర్పదు. తరగతిలో ఒకరు ఆ పిల్లలా, ఒకరు కౌన్సెలరులా కూర్చుని మాట్లాడి, మాస్టారు తప్పులు దిద్దితే, అలా పదిసార్లు చేస్తే కొంత వస్తుంది. రెండు కాలేజీల్లో ఎక్కడ ఇలా చేయిస్తారో అక్కడ ఇంకో మార్కు వేసుకోండి.

ఎమ్మెస్‌డబ్ల్యూనా, ఎమ్మే సైకాలజీనా అని అడిగేవాళ్లకు క్లుప్తంగా చెబుతాం. ఏ డిగ్రీ చదివినవాళ్లకైనా ఎమ్మెస్‌డబ్ల్యూ తలుపు దాదాపు అన్నిచోట్లా తెరిచే ఉంటుంది. సైకాలజీకి డిగ్రీలో ఆ సబ్జెక్టు ఉండాలా అన్నది నోటిఫికేషన్లో చూసుకోవాలి. ఎమ్మే సైకాలజీ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోకూడదు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు వేరే చదివి, ఆ రిజిస్టర్లో పేరు ఎక్కించుకోవాలి. ఎమ్మెస్‌డబ్ల్యూ వాళ్లకు కూడా ముందుకు దారి ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో పై చదువు చదవవచ్చు.

దూరవిద్య గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పొలం పని చేసుకుంటూ ఇంటి దగ్గరే సైకాలజీ పీజీ చేద్దామని మీలో చాలామంది అనుకుంటున్నారు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తులకు కేంద్రం ఒక చట్టం తెచ్చింది. సైకాలజిస్టులు, ఆసుపత్రుల సోషల్ వర్కర్లు, హెచ్‌ఐవీ కౌన్సెలర్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఆ చట్టం కిందకు వచ్చే కోర్సులను, సైకాలజీతో సహా, దూరవిద్యలో గానీ ఆన్‌లైన్లో గానీ చెప్పకూడదని యూజీసీ 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఆపేసింది. కాబట్టి ఎవరైనా ఫోన్ చేసి, ‘ఇంట్లో కూర్చునే సైకాలజీ పీజీ, పరీక్ష కూడా మేమే చూసుకుంటాం’ అంటే ఆ డబ్బుతో రెండు మేకపిల్లలు కొనుక్కోండి.

ఇక తేదీలు, కాగితాలు. వినడానికి విసుగే కానీ మనవాళ్లకు సీట్లు పోతున్నది ఇక్కడే. గిరిజన విశ్వవిద్యాలయం లాంటి కేంద్రీయ సంస్థలకు సీయూఈటీ-పీజీ రాయాలి. దాని దరఖాస్తులు చలికాలంలోనే, డిసెంబరు, జనవరి ప్రాంతంలో తీస్తారు. అప్పటికి మనం డిగ్రీ ఆఖరి ఏడాది మధ్యలో ఉంటాం. రిజల్టు వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోయినట్టే. ఆంధ్రా యూనివర్సిటీ లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ వేసవిలో ఉంటుంది. రెండూ రాయండి. కేంద్రీయ సంస్థలకు ఎస్టీ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలంటారు. మన దగ్గర మామూలుగా ఇచ్చే కాగితంతో వెళ్లి గేటు దగ్గర నిలబడొద్దు. తహసీల్దారు ఆఫీసులో ముందే అడిగి తీసుకోండి. కుటుంబ ఆదాయం ఏటా 2.5 లక్షల లోపు ఉంటే కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు అర్హత ఉంటుంది. ఆదాయ సర్టిఫికెట్ కూడా అప్పుడే రాయించుకోండి.

ఒకచోట చేరాక ఇంకోచోట సీటు వస్తే ఎలా? ఆ చెల్లికి వచ్చిన చిక్కు ఇదే. జీడిపిక్కలు అమ్మిన డబ్బు విజయనగరంలో కట్టేస్తే, తర్వాత విశాఖలో సీటు వస్తే అది పోయినట్టేనని అయ్య భయం. ఫీజు వాపసుకు యూజీసీ గడువులు ప్రకటిస్తుంది. 2024లో సెప్టెంబరు 30 లోపు సీటు వదులుకున్నవాళ్లకు కట్టిన ఫీజంతా తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే చెప్పింది. పరిశీలించి తిరిగి ఇచ్చేయాలి. ఈ రెండు మాటలు మన పిల్లలకు తెలియకపోవడం వల్ల, టీసీ కోసం, మార్కుల లిస్టు కోసం ఒకే కాలేజీ చుట్టూ ఏడాదంతా తిరిగినవాళ్లను మేం చూశాం. ఆ ఏడాది గడువు ఎప్పటిదో యూజీసీ వెబ్‌సైట్లో చూసి, ప్రింటు తీసి చేతిలో పెట్టుకుని మాట్లాడండి. నోటి మాట మీద ఎవరూ ఇవ్వరు, కాగితం చూపిస్తే ఇస్తారు.

ఉద్యోగాల సంగతి అడుగుతున్నారు కాబట్టి ఒక్క మాట. మండలానికో కౌన్సెలరు పోస్టు ఎవరూ వరసపెట్టి ఉంచలేదు. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి, బాలల సంరక్షణ విభాగాలున్నాయి, ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాలున్నాయి, కౌమార ఆరోగ్య క్లినిక్కులున్నాయి. వాటిలో కౌన్సెలర్లను తీసుకుంటారు. ఎక్కువ భాగం కాంట్రాక్టు పోస్టులే. జీతం గొప్పగా ఉండదు. ఏకలవ్య పాఠశాలలు సీబీఎస్ఈ కింద నడుస్తాయి. ఆ బోర్డు నిబంధనల్లో కౌన్సెలింగ్ టీచరు ఉండాలని ఉంది. సుప్రీంకోర్టు తీర్పు సంగతి ముందే చెప్పాం. ఆ తీర్పును మన ఆశ్రమ పాఠశాలల్లో అమలు చేయాలని రంపచోడవరం ఐటీడీఏకు సంఘం తరఫున వినతిపత్రం తయారుచేశాం. సంతకాలు పెట్టాల్సినవాళ్లు భోజనాల దగ్గర బల్ల మీద ఉన్న కాగితంలో పెట్టండి. చదువుకోకుండా పోస్టులు అడిగితే బయటివాళ్లు వస్తారు. పోస్టులు అడగకుండా చదువుకుంటే మన పిల్లలు ఊరికే కూర్చుంటారు. రెండూ ఒకేసారి జరగాలి.

మాట్లాడటానికి మనిషి లేక ఇప్పుడే, ఈ సభలోనే, లోపల కుమిలిపోతున్నవాళ్లు ఉంటే, కౌన్సెలర్లు తయారయ్యేదాకా ఆగొద్దు. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ ఉంది. నంబరు 14416. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పకపోయినా వింటారు. సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి అయినా ఒకసారి చేయండి.

ఆ చెల్లి ఇంకా తేల్చుకోలేదు. విజయనగరం ఫీజు గడువు వచ్చే శుక్రవారం. సీనియర్లలో ముగ్గురు ఫోన్లో దొరికారు, నాలుగో అమ్మాయి ఎత్తడం లేదు. మంగళవారం తెల్లవారుజామున ఆమెతో, వాళ్ల అయ్యతో కలిసి మా ఇద్దరం జీపులో నర్సీపట్నం మీదుగా వెళ్తున్నాం. ముందు విశాఖ, మర్నాడు విజయనగరం. సోషల్ వర్క్ శాఖలో మాస్టార్లను కలిసి, ఫీల్డ్ వర్క్ జాబితా అడిగి, హాస్టల్లో అన్నం కూడా తిని వస్తాం, వాళ్లమ్మకు చెప్పాలి కదా. జీపులో ఇంకా ముగ్గురికి చోటుంది. డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నవాళ్లు ఎవరైనా రావచ్చు. ఆడపిల్లలకు ముందు. పేర్లు ఇప్పుడే రాయించండి.